కాలవలో కడిగిన బ్యాటరీ బండి

గోదారి నీళ్ళు తగిలితే చెడిపోయే వస్తువు ఒకటి ఉంటుందని మా జాషువా తాత అరవై దాటేదాకా నమ్మలేదు. నమ్మాల్సిన రోజు వచ్చేసరికి ఆ వస్తువు కాస్తా కాలవ రేవులో సగం దాకా మునిగి ఉంది.

పూర్తిగా ఆయన తప్పని కూడా అనలేం. ద్రాక్షారామం రోడ్డులో కాలవ గట్టునే పుట్టిన మనిషి. ఈత ఆ రేవులోనే నేర్చాడు, కుర్రతనంలో కామందు గారి ఎడ్లని రోజూ సాయంత్రం ఆ రేవులోకే దింపి గడ్డితో ఒళ్ళు తోమాడు. ఎడ్లు పోయి రిక్షా వచ్చింది. రిక్షా పోయి డీజిలు ఆటో వచ్చింది. తాతకి మాత్రం అన్నీ ఎడ్లే. శనివారం సాయంత్రం అయ్యేసరికి ఆటోని ఏటవాలుగా ఉన్న గట్టు మీంచి నీళ్ళలోకి దింపేవాడు. పంచె ఎగ్గట్టి, కొబ్బరి పీచుతో చక్రాలు తోముతూ దానితో కబుర్లాడేవాడు.

"ఏరా, ఈ వారం బాగా తిరిగావు. ఒళ్ళు నొప్పులా?"

ఆటో పలికేది కాదు. గట్టు మీంచి మా మామ్మ పలికేది.

"దానికేం నొప్పులు, ఇనపది. నాకున్నాయి. నన్నెప్పుడైనా అడిగావా?"

మామ్మ పేరు సంపూర్ణమ్మ. శనివారం ఆటో కడగాలన్న చట్టం ఆవిడదే. ఆదివారం గుడికి మురికి బండిలో వెళ్తే దేవుడు క్షమిస్తాడు గానీ ఆవిడ క్షమించదు. లూథరన్ గుడి ముందు ఆటో దిగేటప్పుడు పక్క వీధి వాళ్ళు చూడాలి, చూసి కుళ్ళుకోవాలి, అప్పుడే ఆవిడకి ప్రార్థన మీద మనసు నిలిచేది.

చిక్కంతా ఇంటితో వచ్చింది. కాలనీలో గవర్నమెంటు కట్టిచ్చిన ఇల్లు, రెండే గదులు. ముందు రేకుల చావిడి. ఆ చావిట్లో ఆటో. పడక గది కిటికీ తెరిస్తే సరిగ్గా ఆటో పొగ గొట్టం. బండి బయట రోడ్డు మీద పెడదామా అంటే, ఒకసారి పెట్టి చూశారు. తెల్లారేసరికి బండి ఉంది, అందులో డీజిలు లేదు.

అందుకని రోజూ తెల్లవారుజామున ముందు ఆటో దగ్గేది, ఆ వెనకే మామ్మ దగ్గేది. ఆ వీధిలో కోడికూత కోసం ఎవరూ చూసేవారు కాదు.

మొదట్లో అది దగ్గే. తర్వాత ఆయాసం అయింది. మెట్టు ఎక్కితే ఆయాసం, బిందె ఎత్తితే ఆయాసం, చివరికి కీర్తన పాడితే ఆయాసం. పాట రెండో చరణం దగ్గర గొంతు ఆగిపోయిన ఆదివారం, తాత ఆవిణ్ణి బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్ళాడు.

"ఇంట్లో పొగ ఏమైనా ఉందాండి?" అడిగాడు డాక్టరు గారు.

"లేదండి, మాది గ్యాసు పొయ్యేనండి," అన్నాడు తాత గబుక్కున.

"ఆటో సంగతి చెప్పవేం?" అంది మామ్మ. "డీజిలు బండండి. నా తల దగ్గరే పెడతాడు. దాన్ని జోకొట్టి పడుకోబెట్టి అప్పుడు నా దగ్గరికి వస్తాడండి."

డాక్టరు గారు నవ్వలేదు. ఆ బండి, ఈవిడ ఒక కప్పు కింద ఉండటానికి వీల్లేదని, ఏదో ఒకటి తేల్చుకోమని చెప్పాడు. ఇద్దరూ తిరుగు బస్సెక్కారు.

"ఏం తేల్చుకున్నావు?" అంది మామ్మ సగం దారిలో.

"ఆలోచిస్తున్నా."

"ఇందులో ఆలోచించడానికి ఏముందయ్యా?"

"దానికి ఇన్సూరెన్సు ఉంది. నీకు లేదు."

మామ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు. పక్క సీటావిడ నీళ్ళ సీసా ఇచ్చింది. తాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అంత మంచి జోకు వేసినందుకు తన నోటిని తనే తిట్టుకున్నాడు.

మర్నాడు బండి నడుపుతూ మార్కండేయులు మాస్టారిని అడిగాడు. ఆయన సైన్సు చెప్పి రిటైరైన మనిషి. రోజూ భీమేశ్వరస్వామి దర్శనానికి తాత ఆటోలోనే ద్రాక్షారామం వెళ్తాడు, ముందు సీటే కావాలంటాడు.

"బ్యాటరీ బండి కొనమంటారా మాస్టారూ? అందరూ పొగ ఉండదు, ఖర్చు ఉండదు అంటున్నారండి."

"రోజువారీ ఖర్చు తగ్గుతుంది జాషువా, నిజమే. కానీ కొన్నేళ్ళకి బ్యాటరీ మార్చాలి. అప్పటిదాకా మిగిల్చిందంతా అది ఒక్క గుక్కలో తాగేస్తుంది. ముందే పక్కన పెట్టుకుంటే బతుకుతావు, లేకపోతే లేదు."

"మరి పొగ?"

"మన వీధిలో ఉండదు. కానీ ఆ కరెంటు ఎక్కడిది? చాలామటుకు బొగ్గు మండిస్తేనే కదా వచ్చేది. మొత్తం మీద పొగ తగ్గుతుందనే అంటారు, నేనూ కాదనను. తగ్గిన పొగ కూడా ఎక్కడో ఒకచోట ఎవరి ముక్కులోకో పోవాలి. అక్కడా ఒక సంపూర్ణమ్మ గారు ఉంటారు కదా?"

తాత గేరు మార్చాడు. ఆలోచించి చెప్పాడు.

"ఆ సంపూర్ణమ్మకి ఆ ఊళ్ళో మొగుడుంటాడు కదండీ. వాడు చూసుకుంటాడు. నా వంతుకొచ్చింది ఈవిడండి."

మాస్టారు నవ్వాడు, తాతా నవ్వాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

డీజిలు ఆటో అమ్మేసి, మిగతాది ఫైనాన్సులో కట్టేలా బ్యాటరీ ఆటో తెచ్చాడు. ఆకుపచ్చ గీత ఉన్న తెల్ల బండి. షోరూము అబ్బాయి అన్నీ వివరంగా చెప్పాడు. వానలో తిరిగినా ఫర్వాలేదండి, నీళ్ళలో మాత్రం దింపకండి, తడిగుడ్డతో తుడవండి అన్నాడు. తాత తలూపి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక మామ్మతో, "వానకి తడవొచ్చంట, కాలవలో దిగకూడదంట. ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరా? రేవు లేని పట్నం వాళ్ళ కోసం చెప్పుంటాడులే," అన్నాడు.

బండి వచ్చిన వారానికే ఒక చిక్కు. చప్పుడు లేదు. పాత ఆటో వంతెన ఎక్కుతుంటేనే ఊరంతటికీ వినబడేది. చేపలమ్మే లోవమ్మ ఆ చప్పుడు విని అప్పుడు తట్ట నెత్తికెత్తుకునేది. ఇప్పుడు తాత వచ్చి వెళ్ళిపోయినా ఎవరికీ తెలియడం లేదు. రోడ్డు మీద కుక్కలు కూడా లేవడం లేదు.

"దెయ్యంలా వస్తున్నావేంటి బాబాయ్?" అంది లోవమ్మ. "నువ్వు పోయావేమో అనుకున్నాను."

తాత అటక ఎక్కి, కామందు గారి ఎద్దు మెడలో ఒకప్పుడు కట్టిన ఇత్తడి గంట వెతికి, హ్యాండిలుకి కట్టాడు. అప్పట్నుంచీ ఈ జిల్లాలో కరెంటుతో నడిచే ఎద్దు మా తాతకొక్కడికే ఉండేది.

ఇంకో చిక్కు ఛార్జింగు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. చీకటి పడగానే చెరువుల్లో రొయ్యలకి గాలి కొట్టే యంత్రాలన్నీ ఒక్కసారి తిరుగుతాయి. అప్పుడు మా కాలనీలో బల్బు మిణుగురు పురుగైపోతుంది. కొన్నాళ్ళు పొద్దున లేచేసరికి బండి సగమే నిండి ఉండేది. సగం రోజే బేరం. రొయ్యలకి గాలి ఆడితే నాకు బండి ఆడదు అని తాత గొణిగేవాడు.

కానీ మామ్మకి గాలి ఆడింది. అది మాత్రం నిజం. మొదటి నెలలోనే తెల్లవారుజామున వీధి నిశ్శబ్దంగా ఉండటం మొదలైంది. కిటికీ తెరుచుకుని పడుకునేది. ఆదివారం తాత పక్కన కూర్చుని, గుడి దాకా దారి పొడుగునా కీర్తన పాడేది. డీజిలు బండిలో పాడినా వినబడేది కాదు కదా. రెండో చరణం దాటింది, మూడోదీ దాటింది. తాత గంట కొట్టేవాడు, పాటకి సంబంధం లేకుండా.

గుడిలో కోతల పండగ ముందు వచ్చిన శనివారం అదంతా అయిపోయింది.

ఆ వారమంతా ముసురు. చెరువు మట్టి లారీలు తిరిగి రోడ్డంతా రొచ్చు. తెల్ల బండి గేదెలా తయారైంది. తెల్లారితే ఊళ్ళో వాళ్ళ గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, వరి కంకులు అన్నీ ఆ బండిలోనే గుడికి కానుక వెళ్ళాలి. తాత తడిగుడ్డతో తుడిచాడు. బురద ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళింది.

"దేవుడి పండక్కి ఈ అవతారంలోనా?" అంది మామ్మ.

"తుడుస్తున్నాను కదే."

"అది తుడవడమా? వెన్న రాస్తున్నట్టుంది."

తాత రేవు వైపు చూశాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అన్నాడు. మామ్మ వద్దనలేదు. తర్వాత్తర్వాత ఆ సంగతి తల్చుకుని, నేనైనా వద్దని ఉండాల్సింది అని ఆవిడ చాలాసార్లు అంది.

ఎద్దుని దింపినట్టే దింపాడు. సీటు కింద బ్యాటరీ పెట్టె ములిగేదాకా దింపాడు. చక్రాలు తోమాడు, పొట్ట తోమాడు, ఒళ్ళు నొప్పులా అని అడిగాడు. బండి మెరిసిపోయింది. ఎక్కి తాళం తిప్పితే, మీటరులో చిన్న ఎర్ర దీపం ఒకటి వెలిగి, సెలవు పుచ్చుకున్నట్టు ఆరిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. వీధి వాళ్ళంతా తాళ్ళు కట్టి గట్టు మీదికి లాగుతుంటే హ్యాండిలుకున్న గంట ఒకటే మోగింది.

షోరూములో, బ్యాటరీ పెట్టెలోంచి కారిన నీళ్ళు చూసి ఆ అబ్బాయి నిజంగానే బాధపడ్డాడు.

"నీళ్ళలోకి ఎందుకు దింపారండి?"

"మరెక్కడ కడుగుతారు బాబూ?"

ఇది గ్యారంటీ కిందికి రాదన్నారు. కొత్త బ్యాటరీ అంటే బండి ధరలో సగం దాకా పడుతుందన్నారు. ఫైనాన్సు కిస్తీ మాత్రం, బండి తిరిగినా తిరగకపోయినా, నెల నెలా దాని దారిన అది రావాలన్నారు. తాత అన్నిటికీ తలూపాడు. సంతకం పెట్టిన రోజు కూడా అలాగే ఊపాడు.

తడిసిన బ్యాటరీని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో ఉంచితే అంటుకోవచ్చని మెకానిక్కు సుకుమార్ భయపెట్టాడు. తాతకి వరసకి తమ్ముడి కొడుకు, మామ్మ వైపు నుంచి అక్క కొడుకు. అరటి మొక్కల అవతల ఇటుకలు పేర్చి, దాన్ని వాటి మీద పెట్టి, రేకు కప్పారు. చూసినవాళ్ళకి ఎవర్నో పాతిపెట్టినట్టుండేది.

ఉపాయం చెప్పింది కూడా సుకుమారే.

"పెదనాన్నా, కొత్తది మన వల్ల కాదు. పాత రకం సీసం బ్యాటరీలు నాలుగు కలిపి వేసేద్దాం. మురుగు కాలవ అవతల ఒకాయన పాతవి పగలగొట్టి, సీసం కరిగించి, మళ్ళీ తయారుచేస్తాడు. చవక. మిగతా మరమ్మతు నేను చూసుకుంటాను. పొగ ఉండదు, పిన్ని... కాదు, పెద్దమ్మ హాయిగా పడుకుంటుంది."

"పిన్నో పెద్దమ్మో, అది పడుకుంటే చాలురా. పద."

వెళ్ళారు. తాటాకు పాక. ముందు పగలగొట్టిన నల్ల డొక్కులు గుట్టగా పడి ఉన్నాయి. పాక వెనక నుంచి పుల్లటి నీళ్ళు సన్నగా కారి మురుగు కాలవలో కలుస్తున్నాయి. ఆ దారిలో గడ్డి కాలిపోయి ఉంది. లోపల మూకుడులో సీసం కరుగుతోంది. దాని ముందు ఒకావిడ గొంతుక్కూర్చుని, కొంగు ముక్కుకి కట్టుకుని కలుపుతోంది.

"సత్యకుమారీ, బేరం వచ్చింది చూడు," అన్నాడు యజమాని.

ఆవిడ లేచి నిలబడి, ఏం కావాలండీ అని అడగబోయి దగ్గింది. ముందు గొంతు సవరించుకుంటున్నట్టు చిన్నగా, తర్వాత ఎవరో వీపు మీద గుద్దుతున్నట్టు, చివర్న సన్నటి ఈల. ఆ ఈల తాతకి తెలుసు. ఎన్నో ఏళ్ళు ఆ ఈలకే నిద్ర లేచాడు. ఆవిడ గోడ పట్టుకునే తీరు కూడా తెలుసు.

మాస్టారు చెప్పిన సంపూర్ణమ్మ ఎక్కడో దూర దేశంలో ఉంటుందనుకున్నాడు తాత. సైకిలు మీద వచ్చేంత దూరంలో ఉంది.

"నాలుగు చాలాండి?" సుకుమార్ చెప్పింది విని అడుగుతోంది ఆవిడ.

తాత చేయి జేబులోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. "మళ్ళీ వస్తానమ్మా," అని బయటికి వచ్చేశాడు.

"అదేంటి పెదనాన్నా!" సుకుమార్ వెనకే పరిగెత్తాడు. "నువ్వు కొనకపోతే ఆవిడ పని మానేస్తుందా? ఇంకొకడు కొంటాడు."

"తెలుసురా."

"మరి పెద్దమ్మ సంగతి?"

"అదీ తెలుసురా. నడు."

ఇంటికొచ్చి మామ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది.

"అచ్చం నాలాగే దగ్గిందా?"

"నీకంటే గట్టిగా."

"అబద్ధం. నాకంటే గట్టిగా ఈ చుట్టుపక్కల ఎవరూ దగ్గలేరు." చేట మళ్ళీ అందుకుని, "ఆ బ్యాటరీలు తెచ్చుంటే నేను ఈ ఇంట్లోనే ఉండేదాన్ని కదా?" అంది.

"ఉండేదానివి."

"ఊళ్ళో వాళ్ళ దగ్గులన్నీ నీకెందుకయ్యా? నా ఒక్కదాని దగ్గూ చాల్లేదా నీకు?"

తాత లేచి చావిట్లోకి వెళ్ళాడు. ఆ రాత్రి మామ్మ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. మా మామ్మ మాట్లాడకుండా ఉండటం అంటే కాలవ పారకుండా ఉండటం లాంటిది, ఊరంతా వచ్చి ఏమైందని అడిగింది.

బండి డొక్కు వచ్చిన ధరకి పోయింది. ఆ డబ్బు ఫైనాన్సు వాళ్ళు పట్టుకుపోయినా బాకీ ఇంకా మిగిలింది. ఆ వయసులో తాతకి ఇంకో పని ఎవరిస్తారు? చవగ్గా చేతికొచ్చిన పాత డీజిలు ఆటో ఒకటి తెచ్చుకున్నాడు. అమ్మేసిన దానికంటే ముసలిది, దానికంటే పెద్ద పొగది. గంట దానికీ కట్టబోయి, అవసరం లేదని తీసేశాడు.

ఇంటి దగ్గర మాత్రం స్టార్టు చేయనని ఒట్టు పెట్టుకున్నాడు. తెల్లవారుజామున చావిట్లోంచి బండిని చేత్తో తోసుకుంటూ వంతెన దాకా తీసుకెళ్ళి, అక్కడ స్టార్టు చేసేవాడు. రాత్రి వంతెన దగ్గర ఆపేసి మళ్ళీ తోసుకుంటూ వచ్చేవాడు. పొగ ఇంటికి రాలేదు. కానీ ఆయన చొక్కాతో వచ్చింది, తువ్వాలుతో వచ్చింది. మామ్మ ముక్కుకి అదీ తెలిసింది.

ధనుర్మాసం మంచులో ఒక తెల్లవారుజాము, తోస్తున్న బండి ఉన్నట్టుండి తేలికైంది. తాత పక్కకి చూస్తే, రెండో వైపు మామ్మ.

"నువ్వెందుకొచ్చావే! నీకు ఆయాసం."

"ఒక్కడివే తోస్తే నీకొస్తుంది ఆయాసం. ఇంట్లో ఇద్దరికీ ఎందుకు?"

"వెళ్ళి పడుకో."

"తొయ్యవయ్యా. మాట్లాడితే గాలి వేస్టు."

వంతెన ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆవిడ చేతులు బండి మీంచి జారాయి. రోడ్డు మీద కూర్చుండిపోయింది. పెదాలు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చేతిలో బండి ఉండి కూడా తాత దాన్ని స్టార్టు చేయలేకపోయాడు. అందులో ఎక్కిస్తే ఆ పొగలో ఏమవుతుందోనని అటూ ఇటూ పరిగెత్తాడు. అప్పుడే స్టాండుకి వస్తున్న దుర్గాశ్రీ బండి ఆపి మామ్మని ఎక్కించుకుంది. బ్యాటరీ ఆటో నడిపే పిల్ల. రోజూ తడిగుడ్డతో తుడుచుకునే పిల్ల.

మామ్మ బతికింది. కాకినాడ నుంచి నోట్లో పెట్టుకుని పీల్చే మందు గొట్టంతో వచ్చింది. ఆవిడ వెనకే భీమవరం నుంచి కూతురు ప్రిస్కిల్లా వచ్చింది. ఐస్ ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇల్లు లిఫ్టున్న బిల్డింగులో పైన, రోడ్డు పొగ అంత ఎత్తుకి రాదట.

"అమ్మని తీసుకెళ్తున్నాను నాన్నా. నువ్వూ రా."

"నేనొస్తే కిస్తీ ఎవడు కడతాడమ్మా? నీ జీతం మీద పడమంటావా?"

"మరి ఎన్నాళ్ళు?"

తాత చావిట్లో ఆటో వైపు చూశాడు. డాక్టరు గారు తేల్చుకోమన్నది ఇన్నాళ్ళకి తేలింది. తేల్చింది మాత్రం ఆయన కాదు.

బయల్దేరే రోజున మామ్మ, ప్రిస్కిల్లా రామచంద్రపురం బస్టాండు దాకా దుర్గాశ్రీ బండిలో వెళ్ళేట్టు, ట్రంకు పెట్టె, పరుపు చుట్ట తాత ఆటోలో వచ్చేట్టు కుదిరింది. మామ్మ గుమ్మం దిగి, అరటి మొక్కల అవతల రేకు వైపు ఒకసారి చూసింది.

"ఆ శవాన్ని ఎవరికీ అమ్మేయకు. ఆ మురుగు కాలవ దగ్గరికే పోతుంది మళ్ళీ."

"అమ్మనులే."

"ఆవిడ... ఆ సత్యకుమారి. ఎలా ఉందో ఎప్పుడైనా కనుక్కో."

"కనుక్కుంటా."

"శనివారం బండి కడుగు. నేను లేను కదా అని ఊరుకోకు."

దుర్గాశ్రీ తెల్ల బండి చప్పుడు లేకుండా కదిలింది. తాత గాలి ఎటు వీస్తోందో వేలు పైకెత్తి చూసుకుని, ముందు బండి బాగా దూరం పోయాక తనది స్టార్టు చేశాడు. నల్లటి పొగ చేల మీదికి పోయింది. అంత దూరం నుంచే నెమ్మదిగా వెంట వెళ్ళాడు. ముందు బండి మలుపు తిరిగితే కనబడకుండా పోతోంది, మళ్ళీ కనబడుతోంది. వినబడటం మాత్రం అసలు లేదు.

ఒకచోట ముందు బండి ఆగింది. తాత బ్రేకు వేశాడు. దగ్గరికి పోతే పొగ. పోకపోతే ఏమైందో తెలీదు. గబుక్కున ఇంజను ఆపేసి, రోడ్డు మీదికి దిగి, కళ్ళ మీద చేయి పెట్టుకుని చూశాడు. ఆ బండి కదల్లేదు. తాతా కదల్లేదు. మధ్యలో ఖాళీ రోడ్డు, ఇటు కాలవ, అటు చేలు.

ఫోను మోగింది. ప్రిస్కిల్లా.

"నాన్నా, ఎందుకు ఆగిపోయావు?"

"మీరాగారని. అమ్మకేమైంది?"

"ఏం కాలేదు. గోతుల్లో కుదుపులకి కొంచెం ఆయాసం వస్తే దుర్గాశ్రీ బండి ఆపి మందు పీల్పించింది. మళ్ళీ పోదామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. నీ బండి చప్పుడు వినబడట్లేదంట. వినబడేదాకా కదలొద్దంటోంది."

తాత ఫోను జేబులో పెట్టుకున్నాడు. బండెక్కి తాళం తిప్పాడు. ముసలి ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది, అందుకుంది. పొగ రోడ్డంతా కమ్మేసింది. అది తేలిపోయేసరికి, అక్కడ, తెల్ల బండి మెల్లగా కదిలి వెళ్ళిపోతోంది.